నూట డెబ్భై ఏడు సెంటీమీటర్లు

“కాలువకి నీళ్లొదిలారు మేడమ్! పై లాకు దాటేశాయంట. సాయంత్రం నాలుగున్నరకల్లా మన లాకు దగ్గరుంటాయి!”

హెడ్ కానిస్టేబుల్ ఏసుపాదం ఫోను చెవి దగ్గరి నుంచి తీయకుండానే స్టేషనంతా దద్దరిల్లేలా చెప్పాడు. గోడ గడియారంలో పదకొండూ పది. ఈ ఏడు నీళ్లు పది రోజులు ఆలస్యం. నారుమడి దున్ని ఎదురుచూస్తున్నవాళ్లు ఆ స్టేషన్లోనే నలుగురున్నారు. రైటరు పెన్నుకి మూత పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఎవరో అందరికీ టీలు చెప్పారు.

ఎస్సై తనూజ కూడా నవ్వింది. పెళ్లై రెండు నెలలు కావస్తోంది. ఈ మధ్య ఏ చిన్న మంచి మాట విన్నా ఆమెకి నవ్వు ముందే వచ్చేస్తోంది. అయితే ఆ నవ్వు పెదాల మీద ఉండగానే చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆమె ముందున్నది వెంకటాద్రి హత్య కేసు ఫైలు. వెంకటాద్రి కాలువ గట్ల మీద, తూముల దగ్గర కాపలా తిరిగే లస్కరు. మే ఇరవై నాలుగున తెల్లవారకముందే గట్టు మీద జీపుతో గుద్ది చంపేశారు. రేపు చార్జిషీటు వేయాలి. చివరి పేజీలో ఆమె సంతకం ఒక్కటే తరువాయి.

“ఏసుపాదం గారూ, నీళ్లు ఇవాళ వస్తున్నాయంటే, ఆ రోజు కాలువలో నీళ్లు లేవు కదూ?”

“అదేంటి మేడమ్, ఏప్రిల్ నెలాఖర్లో కట్టేశారుగా. చుక్క లేదు.”

తనూజ పేజీలు వెనక్కి తిప్పింది. పంచనామా. తన గుండ్రటి చేతిరాతే. ‘హద్దులు: తూర్పున మురుగు కాలువ. పడమర పంట కాలువ. ఉత్తర దక్షిణాల్లో గట్టు దారికి అడ్డంగా పాతిన సిమెంటు దిమ్మలు.’ లారీలు గట్టెక్కకుండా పాతిన దిమ్మలవి. ఒక్కో చోట రెండేసి దిమ్మలు, వాటి మధ్య సందు నూట డెబ్భై ఏడు సెంటీమీటర్లు. తనే కొలిచింది.

పొలం దస్తావేజైనా ఇంటి దస్తావేజైనా ఇక్కడ పుట్టినవాళ్లకి కాలువ అంటే హద్దు. అక్కడితో ఆగిపోవాలి. అందులో బండి దిగి నడుస్తుందని ఏ కరణం రాశాడు గనక? తనూ రాయలేదు. అసలు అటు తల తిప్పి చూడనే లేదు.

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది.

ఈ కేసులో తెలిసింది ఒక్కటే, ఆ జీపు టస్కర్ అనే రకం. గట్టు పక్కనే గేదెల పాక వేసుకున్న ఆనందమ్మ గుండ్రటి దీపాలు, నిటారు మూతి చూసి గుర్తుపట్టింది. చిక్కల్లా ఏ టస్కర్ అన్నదే. పాత మోడలుకీ కొత్త మోడలుకీ ముఖం ఒక్కటే. ఆ చిక్కు విప్పింది ఆమె భర్త లోహిత్. గుడివాడలో జీపులకి టాపులూ సీట్లూ వేసే షాపు అతనిది. మే ఇరవై ఆరు సాయంత్రం మేడ మీద ఆమె జడలోంచి మల్లెపూలు ఒక్కొక్కటే తీసి పిట్టగోడ మీద పేర్చి మరీ చెప్పాడు.

“పాత టస్కర్ ఉందే తనూ, నిలబెట్టిన అగ్గిపెట్టె. వెడల్పు నూట డెబ్భై, ఎత్తు నూట తొంభై అయిదు. కొత్తది పడుకోబెట్టిన అగ్గిపెట్టె. వెడల్పు నూట ఎనభై మూడు, ఎత్తేమో నూట ఎనభై నాలుగే. చక్రాలు దూరం జరిపి, నెత్తి కిందికి దించారు. బోల్తా పడకుండా అన్నమాట.”

ఆమె నాలుగు అంకెల్లో రెండే పట్టుకుంది. నూట డెబ్భై అయితే సందులో దూరుతుంది, నూట ఎనభై మూడు దూరదు. కాబట్టి పాతదే. చల్లపల్లి చుట్టుపక్కల పాత టస్కర్ ఉన్నది రొయ్యల మేత తోలే కిరణ్ కుమార్ ఒక్కడికే. ముందు రోజే అతనికీ లస్కరుకీ గట్టు మీద మాటా మాటా పెరిగింది కూడా. ఇంకేం కావాలి? పేపరు వాళ్లు ‘టేపుతో పట్టేసిన ఎస్సై’ అని రాశారు. అత్తగారు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించారు.

కిరణ్ బందరు సబ్‌జైల్లో ఉండబట్టి ఇవాళ్టికి ఇరవై ఒక్క రోజులు. పోయిన వారం వేరే పని మీద వెళ్లినప్పుడు గేటు దగ్గర అతని భార్య షీబా క్యారేజీ పట్టుకుని నిలబడి కనిపించింది. పెళ్లెప్పుడైందని ఊరికే అడిగింది తనూజ. ఏప్రిల్ పంతొమ్మిది అంది షీబా. తన పెళ్లికి సరిగ్గా మర్నాడు.

తనూజ ఫైలు మూసి లేచింది.

“బండి తీయించండి. నీళ్లు వచ్చేలోపు కాలువలో దిగాలి.”

“టీ వస్తోంది మేడమ్.”

“మీరు తాగేసి రండి, నేను జీపులో ఉంటా,” అని బయటికి నడుస్తూనే గుడివాడ ఫోను చేసింది. “బావా, షాపు కట్టేసి రా. పెద్ద టేపు తెచ్చుకో. ఎందుకని అడక్కు.”

“హనీమూనా?”

“కాలువలోకి.”

“ఏదో ఒకటి. వస్తున్నా,” అన్నాడు లోహిత్.

*

ఆనందమ్మ పాక ముందు గేదెకి కుడితి పెడుతోంది. తనూజని చూసి కొంగుతో చేతులు తుడుచుకుంది.

“మళ్లీ ఏంటమ్మా? చెప్పిందంతా రాసుకున్నారుగా.”

“రాసుకున్నా. సరిగ్గా విన్నానో లేదోనని వచ్చా. ఆ రోజు దీపాలు ఎప్పుడు చూశారు?”

“నాలుగున్నర దాటింది. పాలు పితకడానికి కూచున్నా.”

“గట్టు మీద ఎటు నుంచి వచ్చాయి?”

ఆనందమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. “గట్టు మీద అని నేననలేదే తల్లీ. మీరే అన్నారు.”

“మరి?”

“దీపం నా గుమ్మం మీద పడలేదు. కింద నుంచి పైకి, ఇదిగో ఈ తాటాకు చూరు మీద పడింది. గేదె బెదిరి తన్నింది, పాలన్నీ నేలపాలు. ఆ ముక్క చెప్పబోతే, ‘పాల సంగతి తర్వాత, బండి సంగతి చెప్పు’ అన్నారు మీరు.”

ఏసుపాదం తల వంచుకుని నేల చూశాడు. తనూజకి నిజంగానే గుర్తుకొచ్చింది, అచ్చంగా అవే మాటలు అన్నది. ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్లాలని తొందర. మేడ మీద మల్లెపూలు.

“వాన ఎప్పుడు పడింది ఆనందమ్మగారూ?”

“అంతకు ముందు సాయంత్రమే. ఉరిమి ఒక్క గంట కొట్టింది. మళ్లీ ఇంతవరకూ చినుకు లేదు.”

*

ఒంటిగంటా నలభైకి లోహిత్ వచ్చాడు. ముగ్గురూ పశువుల రేవులోంచి కాలువలోకి దిగారు. గట్టు మీద దిమ్మలకి అవతల ఒక రేవు ఉంది, లోపల ఒకటి ఉంది. రెండు రేవుల మధ్యా కాలువ మీద పాత ఇనప నడకవంతెన. లస్కరు శవం దొరికింది లోపలి రేవు మొదట్లోనే, గట్టు మీద.

పది అడుగులు వేశారో లేదో లోహిత్ ఆగిపోయాడు. “తనూ, ఇటు చూడు.”

వానకి మెత్తబడిన ఒండులో దిగబడి, నెల ఎండకి ఇటుకలా గట్టిపడిన చక్రాల చాళ్లు. రెండు జతలు, పోయినవీ వచ్చినవీ. బయటి రేవు నుంచి వంతెన కిందుగా లోపలి రేవు దాకా తిన్నగా ఉన్నాయి.

“కొలిచి చూడు బావా. చాలు మధ్య నుంచి చాలు మధ్యకి.”

అతను ఒకచోట కాదు, అయిదు చోట్ల కొలిచాడు. “నూట యాభై నాలుగు. పాత టస్కర్‌కి నూట నలభై మూడే ఉంటుంది. ఇది కొత్త బండి, తిరుగు లేదు.”

“వంతెన కింద ఎత్తు?”

“నూట ఎనభై ఎనిమిది.” లోహిత్ టేపు నేలకి ఆనించి మళ్లీ చూశాడు. “కిరణ్ బండి నూట తొంభై అయిదు. గాలి తీసేసి తోసినా దూరదు. కొత్తది దూరుతుంది, అదీ నెత్తి రాసుకుంటూ.”

తనూజ వంతెన దూలం వైపు చూసింది. మేడ మీద తను వదిలేసిన రెండు అంకెలూ వచ్చి ఇప్పుడు ఎదురుగా నిలబడ్డాయి. వెడల్పు చూసి ఒకణ్ణి లోపల వేయించింది. ఎత్తు చూసి ఉంటే వాడు ఇంట్లో ఉండేవాడు.

“మేడమ్!” లోపలి రేవు పక్క నుంచి ఏసుపాదం పిలిచాడు. ఇసక బస్తాలు తొలగించాడు. వెనక గట్టుని తొలుచుకుని పోయిన గొట్టం మూతి, మనిషి తల పట్టేంత. “దొంగ తూము. కాలువ నిండితే నీళ్లు నేరుగా ఎవరి చెరువులోకో పోతాయి. ఇలాంటివి కాలువ ఎండినప్పుడే పెడతారు. వెంకటాద్రి చూసేసి ఉంటాడు.”

“గొట్టం అవతలి కొస ఏ చెరువులో తేలుతుందో చూసి రండి,” అంది తనూజ. ఏసుపాదం గట్టెక్కి రొయ్యల చెరువుల వైపు పరుగు లాంటి నడకతో వెళ్లాడు.

అప్పుడే పైనుంచి చప్పట్లు వినబడ్డాయి.

“బాగుందండీ తనూజ గారూ! భార్యాభర్తలిద్దరూ చేపలు పడుతున్నారా?”

గట్టు మీద స్టేషన్లో రెండో ఎస్సై విక్రమ్. కిరణ్‌ని అరెస్టు చేసిందీ, ఒప్పుకోలు రాయించిందీ అతనే. ఎండలో బూట్లు తళతళలాడుతున్నాయి.

“జాడలు పడుతున్నాం. మీరూ దిగండి విక్రమ్ గారూ, చూపిస్తా.”

“బురదలో జాడలకేం, వంద ఉంటాయి. ఎప్పటివో ఎవరికి తెలుసు?”

“వాన ఇరవై మూడో తారీకు సాయంత్రం పడింది. మళ్లీ పడలేదు. ఒండు ఇంత లోతు దిగాలంటే మర్నాడు ఎండ ఎక్కకముందే దిగాలి. లస్కరు చనిపోయిన ఆ తెల్లవారుజామునే.”

విక్రమ్ నవ్వు కొంచెం తగ్గింది. “కిరణ్ ఒప్పుకున్నాడండీ.”

“మొదటి రోజు కాదన్నాడు, రెండో రోజు ఔనన్నాడు. మధ్యలో ఒక రాత్రి మీ దగ్గరున్నాడు.”

“మాట జాగ్రత్త.” విక్రమ్ గొంతు దించాడు. “నేను పట్టుకొచ్చింది మీరు చూపించిన మనిషినే. సందు కొలిచింది మీరు. పాత బండేనని రాసింది మీరు. పేపర్లో పడింది మీ ఫొటో. రేపు కోర్టులో నా కొలత తప్పండీ అంటే ముందు ఊడేది ఎవరి ఉద్యోగం?”

 అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

“విక్రమ్, అమ్మాయిని ఏమనకయ్యా!” వెనక నుంచి మెత్తటి గొంతు. నీటి సంఘం అధ్యక్షుడు బసవయ్య. కొత్తనీటికి పసుపూ కుంకుమా వేయడానికి పళ్లెం పట్టించుకుని పదిమంది రైతులతో వచ్చాడు. ఆ రోజు దిమ్మల దగ్గర తనూజ టేపు రెండో కొస పట్టుకున్నది ఈయనే. ఎండలో నిలబడిందని మజ్జిగ కూడా ఇప్పించాడు. “పైకి రామ్మా. నీళ్లు వచ్చే వేళ.”

“నాలుగున్నర అన్నారు కదండీ. ఇంకా రెండున్నరేగా అయింది.”

“రైతులు ఆగలేకపోతున్నారమ్మా. లాకు వాళ్లకి ఇప్పుడే ఫోను చేశా, తలుపు పూర్తిగా ఎత్తేయమని. అరగంటలో ఇక్కడుంటాయి.”

 తనూజ ఫోను తీసి చాళ్ల పక్కన టేపు పరిచి ఫొటో మీద ఫొటో తీసింది. తూము మూతి, రేవు వాలు, అన్నీ. లోహిత్ కాలువ అడుగున పడి ఉన్న మొద్దు దొర్లించుకొచ్చి, దాని మీద నిలబడి వంతెన దూలాన్ని చేత్తో తడిమాడు.

“ఇక్కడ బోల్టు ఒకటి పొడుచుకొచ్చింది. దానికేదో పట్టుకుంది.”

“చేత్తో లాగకు. ముందు ఫొటో.”

ఆమె ఫొటో తీసి, కవరు తెరిచి, పట్టకారుతో లాగింది. జానెడు గుడ్డపీలిక. ముదురు ఆకుపచ్చ, జీపు టాపుకి వేసే మందపాటి కాన్వాసు. అంచున పసుపు దారంతో జంట కుట్టు.

లోహిత్ దాన్ని చూశాడు. మొద్దు మీంచి దిగి, మళ్లీ చూశాడు. 

“ఏంటి బావా?”

“పైకి పద. చెప్తా.”

“ఇప్పుడే చెప్పు.”

 ఎగువ నుంచి బుసలాంటి చప్పుడు వచ్చింది. గట్టు మీద రైతులు కేకలేశారు. నురగా చెత్తా తోసుకుంటూ మోకాలెత్తు నీళ్లు మలుపు తిరిగి వచ్చేస్తున్నాయి. తనూజ కవరు నోట కరుచుకుంది. లోహిత్ ఆమె చెయ్యి పట్టుకుని రేవు వైపు లాగాడు. అయిదడుగుల దూరం ఉండగా నీళ్లు కాళ్లని కొట్టాయి. ఆమె ఒక మోకాలి మీద పడింది. అతను నడుం పట్టి లేపాడు. పైకెక్కి వెనక్కి చూసేసరికి చాళ్లు లేవు. తూము లేదు. ఎర్రటి నీళ్ల మీద బసవయ్య చల్లిన పసుపూ పూలూ తేలుతూ పోతున్నాయి. అందరూ చప్పట్లు కొడుతున్నారు.

నీళ్లు వచ్చినందుకు తనకీ సంతోషంగానే ఉంది. అదే ఆమెకి మరీ సిగ్గనిపించింది.

*

జీపు చాటున తడి బట్టలతోనే నిలబడ్డారు ఇద్దరూ.

“ఆ కుట్టు మా షాపుదే,” అన్నాడు లోహిత్. “ఆకుపచ్చ మీద పసుపు దారం ఒక్క బండికే వేశాం. కొత్త టస్కర్, గుడ్డ టాపుది. బండి కొన్న వారంలోనే వేయించుకున్నారు. మే ఇరవై అయిదున ఆ బండి మళ్లీ వచ్చింది. టాపు చిరిగింది, చెట్టు కొమ్మ తగిలిందన్నారు. చల్లపల్లిలో లేవా షాపులు, గుడివాడ దాకా ఎందుకండీ అంటే, నీ పనే నచ్చిందయ్యా అన్నారు. నేను ఉబ్బిపోయా. రాత్రంతా కూచుని పాత గుడ్డ పీకేసి కొత్తది కుట్టా. ముందు బంపరు సొట్టా తీయించా. కడిగించి మరీ ఇచ్చా.”

“ఎవరు బావా?”

“ఇరవై ఆరు సాయంత్రం నేను మేడ మీద అంత హుషారుగా చెప్పానే, ఆ బండినే పొద్దంతా పక్కన నిలబెట్టుకుని చూశా గనక చెప్పా. నువ్వు ఆ అంకెలు రాసుకున్నప్పుడు చంపిన బండి మన షాపులో ఆరుతోంది తనూ.”

“ఎవరిదా బండి?”

“బసవయ్యగారిది.”

ఏసుపాదం చెరువుల వైపు నుంచి రొప్పుతూ వచ్చాడు. “గొట్టం అవతలి కొస దొరికింది మేడమ్. నీళ్లు దూకుతున్నాయి. చెరువు బసవయ్యగారిదే.”

విక్రమ్ జీపు వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలీదు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

“తనూజ గారూ, మీ మంచి కోరి చెప్తున్నా. ఇది బయటికొస్తే సాక్ష్యం చెరిపేసింది మీ ఆయనే. మొగుణ్ణి కాపాడ్డానికి అమాయకుణ్ణి ఇరికించిందంటారు మిమ్మల్ని. పెళ్లై రెండు నెలలు కాలేదు. చాళ్లు నీళ్లలో పోయాయి. ఆ పీలిక ఒక్కటీ పోతే అందరం హాయిగా ఉంటాం.”

“కిరణ్ తప్ప.”

అతను భుజాలు ఎగరేశాడు.

తనూజ భర్త వైపు చూసింది. ఈ మనిషిని కేసులోకి తేవాలి. తన చేత్తోనే, తన గుండ్రటి రాతతోనే.  ఆమె అడగకముందే లోహిత్ తల ఊపాడు.

“రాయి. నా పేరు, షాపు పేరు, తారీకు, అన్నీ. పీకేసిన పాత గుడ్డ ఇంకా గోదాంలోనే ఉంది. పీలిక దానికి అతుకుతుందో లేదో వాళ్లే చూసుకుంటారు.”

“నన్ను కేసు నుంచి తప్పిస్తారు బావా. సస్పెన్షనూ ఉంటుంది.”

“ఉండనీ. ఇంట్లో వంట నేర్చుకుందువుగాని.”

ఏడుపూ నవ్వూ కలిసి ఏదో వచ్చింది ఆమెకి. ముక్కు తుడుచుకుని ఏసుపాదం వైపు తిరిగింది. గట్టు మీద బసవయ్య కొబ్బరికాయ కొట్టి ఇటే చూస్తున్నాడు. విక్రమ్ అప్పుడే ఆయన వైపు నడవడం మొదలుపెట్టాడు.

“ఏసుపాదం గారూ, ఈ ఫొటోలన్నీ ఇప్పుడే డీఎస్పీ గారికి పంపేస్తున్నా, నా రిపోర్టుతో సహా. ఇక వీటిని ఎవరూ ఆపలేరు. గుడివాడ గోదాంకి మీరే వెళ్లి తాళం వేసి అక్కడే పడుకోండి. రేపు ఉదయం ఆరింటికి డీఎస్పీ గారి మనుషుల్ని వెంటబెట్టుకుని బసవయ్యగారి షెడ్డుకి వెళ్తాం, ఆ టస్కర్‌ని స్వాధీనం చేసుకుంటాం. పదిన్నరకి బందరు కోర్టు. చార్జిషీటు మీద సంతకం పెట్టను. నా కొలత తప్పని జడ్జిగారికి నేనే చెప్తాను, నా తర్వాత మా ఆయన చెప్తాడు. షీబాకి ఇప్పుడే కబురు పంపండి, రేపు క్యారేజీ తేవద్దని. భోజనం వేళకి కిరణ్‌ని బయటికి తెచ్చే పూచీ నాది.”